స్పందించే సేంద్రియ పదార్థాలు: సమాచార సూచికలుగా వినియోగం

వెలుతురు, తేమ, వేడి, తాకిడి, పోషకాలు, ఆమ్ల క్షారాలు వంటివాటికి లోనై కంటికి కనిపించేలా మారే సేంద్రియ పదార్థాన్ని సమాచారం తెలిపే సాధనంగా వాడడం ఈ వ్యాసవిషయం. వరి ఆకు రంగు, పసుపు ఎరుపెక్కడం, నిద్రగన్నేరు ఆకు ముడుచుకోవడం, టీకా సీసా మీద చతురస్రం నల్లబడడం ఈ కోవలోకి వస్తాయి. ఎలక్ట్రానిక్ తెరకు విద్యుత్తు కావాలి, ఏం చూపాలో ముందే రాసిన ఆదేశాలు కావాలి. ఇక్కడ ఆ రెండూ ఉండవు. పరిస్థితికి లోనైన పదార్థమే దాన్ని చూపే ఫలకం కూడా అవుతుంది.

మారే ప్రతి పదార్థమూ సూచిక కాదు. అందుకు మూడు షరతులు ఉన్నాయి. మార్పుకు కారణం తెలిసి ఉండాలి. మారిన రంగునో ఆకారాన్నో పక్కనపెట్టి పోల్చడానికి మారని కొలమానం ఒకటి ఉండాలి. పోల్చి చూసినవారు చేయవలసిన పని తేలాలి. వీటిలో రెండోదే కీలకమని కృష్ణా డెల్టా వరి పొలాల నుంచి విదేశీ ప్రయోగశాలల వరకూ ఉన్న ఉదాహరణలు చూపుతాయి.

నిర్వచనం, పరిభాష

ఇంగ్లీషులో ఆర్గానిక్ అనే ఒక్క మాటకు తెలుగులో సందర్భాన్ని బట్టి వేర్వేరు మాటలు వాడతారు. రసాయనశాస్త్రంలో అది కర్బన సమ్మేళనం. వ్యవసాయంలో సేంద్రియం. జీవశాస్త్రంలో జైవికం. టెలివిజన్, ఫోన్ తెరల్లో వాడే ఓఎల్ఈడీ మొదటి అర్థంలోనే ఆర్గానిక్. 1987లో కొడాక్ సంస్థ శాస్త్రవేత్తలు చింగ్ డబ్ల్యు. టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ పలుచని కర్బన పొరల గుండా విద్యుత్తు పంపి తక్కువ వోల్టేజీతోనే వెలుగు రప్పించారు. అలాంటి తెరలో పదార్థం విద్యుత్ సంకేతానికి లొంగి వెలుగుతుంది, పరిసరాలకు తనంత తానుగా స్పందించదు. అందుకే అది ఈ వ్యాస పరిధిలోకి రాదు (చూడు: ఓఎల్ఈడీ తెరలు). పరిసరాలకు నేరుగా స్పందించే పదార్థాల్లో ప్రాణం ఉన్నవీ ఉన్నాయి, ఆకు, నాచు, బాక్టీరియా లాంటివి. ప్రాణం లేనివీ ఉన్నాయి, కట్టె, వెంట్రుక, పసుపు, టీకా సీసా మీది డైఎసిటిలీన్ పూత లాంటివి. ఈ వ్యాసంలో సేంద్రియం అంటే ఈ రెండు తరగతులూ కలిసి అని అర్థం.

సూచిక అన్న మాటకు, సంవేదిక అన్న మాటకు తేడా పాటించడం అవసరం. సంవేదిక మార్పును పట్టుకుంటుంది, సూచిక పట్టుకున్నదాన్ని మనిషి కంటికి అందిస్తుంది. స్పందించే పదార్థంలో ఈ రెండు పనులూ ఒకే చోట జరగవచ్చు, జరగకపోనూవచ్చు. పరస్పర చర్య అంటే వేలితో తాకితే స్పందించడం మాత్రమే కాదు. సూచికను చదివి మనిషి ఒక పని చేయడం, ఆ పని ఫలితం మళ్ళీ అదే సూచిక మీద కనిపించడం కూడా పరస్పర చర్యే. రైతు యూరియా వేశాక వరి ఆకు పచ్చబడడం ఈ రెండో అర్థంలోకి వస్తుంది.

చరిత్ర

మొక్కల కదలికను కాలానికి గుర్తుగా చూడడం చాలా పాతది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో అలెగ్జాండర్ పరివారంలోని ఆండ్రోస్థెనీస్ నేటి బహ్రెయిన్ దీవిలో చింతచెట్టు ఆకులు రాత్రి ముడుచుకుని పగలు విచ్చుకోవడం రాసిపెట్టాడు. నీడకోసం రోడ్ల పక్కన పెంచే నిద్రగన్నేరుకు ఆ పేరు వచ్చింది కూడా ఈ గుణం వల్లనే. 1729లో ఫ్రెంచి శాస్త్రవేత్త దె మెరాన్, అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో ఉంచినా వేళకు ఆకులు ముడుస్తుందని గమనించాడు. అంటే మొక్క చూపేది బయటి వెలుతురును మాత్రమే కాదు, లోపలి గడియారాన్ని కూడా. 1751లో లినేయస్ వేర్వేరు పూలు విచ్చే వేళలను వరుసగా పేర్చి పూల గడియారాన్ని ప్రతిపాదించాడు. సాయంత్రం విచ్చే బీరపువ్వు, చంద్రకాంత పువ్వు చూసి పొద్దు అంచనా వేయడం వెనుక ఉన్నదీ ఇదే సూత్రం. 20వ శతాబ్దం మొదట్లో జగదీశ్ చంద్ర బోస్ అత్తిపత్తి మీద, ఆకులు తమంత తామే కదిలే టెలిగ్రాఫ్ మొక్క మీద ప్రయోగాలు చేశాడు. పెరుగుదలను వేల రెట్లు పెద్దదిగా చూపే క్రెస్కోగ్రాఫ్‌ను నిర్మించాడు. మొక్క స్పందన కంటికి ఆనకపోతే దాన్ని పెద్దది చేసి చూపే పరికరం కావాలన్న ఆలోచనకు అది తొలి ఉదాహరణల్లో ఒకటి.

రసాయన సూచికలది మరో దారి. 1664లో రాబర్ట్ బాయిల్ రంగుల మీద రాసిన గ్రంథంలో వయొలెట్ పూల పాకం ఆమ్లంలో ఎర్రగా, క్షారంలో ఆకుపచ్చగా మారడాన్ని పరీక్షగా వాడవచ్చని చూపాడు. లైకెన్ల నుంచి తీసిన లిట్మస్ పాఠశాల ప్రయోగశాలల్లో నేటికీ ఉంది. తేమ కొలతకు 1783లో స్విస్ శాస్త్రవేత్త సొస్యూర్ మనిషి వెంట్రుకతో తేమమాపకం తయారుచేశాడు. గాలిలో తేమ పెరిగితే వెంట్రుక సాగుతుంది, తగ్గితే కురచబడుతుంది. ఆ కొద్దిపాటి తేడాను ముల్లు తిప్పడానికి వాడుకున్నాడు. 1866లో విలియం నైలాండర్ పారిస్ లక్సెంబర్గ్ తోటలో లైకెన్లను గమనించి, అవి గాలి పరిశుభ్రతకు కొలత కాగలవన్నాడు. 1970లో హాక్స్‌వర్త్, రోజ్ చెట్ల బెరడు మీద బతికే లైకెన్ జాతులను బట్టి సల్ఫర్ డయాక్సైడ్ కాలుష్యాన్ని 0 నుంచి 10 వరకు అంచనా వేసే కొలమానం ప్రకటించారు. నైలాండర్ గమనింపుకు, ఈ కొలమానానికి మధ్య గడిచిన కాలం నూరేళ్ళకు పైనే. స్పందనను గుర్తించడానికి ఒకరి చూపు సరిపోయింది. దాన్ని అందరూ ఒకేలా చదవగలిగే కొలమానంగా మార్చడం విడిగా చేయవలసి వచ్చింది.

రకాలు

రంగు మారే పదార్థాలు వాడుకలో ఎక్కువ. పసుపులోని కర్కుమిన్ ఆమ్ల, తటస్థ స్థితుల్లో పసుపుపచ్చగానే ఉంటుంది. క్షారం తగిలితే ఎర్రటి గోధుమ రంగుకు తిరుగుతుంది. పసుపు మరక పడ్డ తెల్లచొక్కాకు సబ్బు తగలగానే మరక ఎర్రబడి, నీళ్ళలో బాగా జాడించాక మళ్ళీ పసుపుపచ్చగా కనిపించడం ఇందువల్లనే. పసుపు, సున్నం కలిపితే దిష్టి తీసే ఎర్రనీళ్ళు తయారుకావడం, పసుపుకు క్షారం చేర్చి కుంకుమ చేయడం కూడా ఇదే రసాయన చర్య. మందారం వంటి పూలలోని ఆంథోసయనిన్లు ఆమ్లంలో ఎరుపు వైపు, క్షారంలో ఆకుపచ్చ వైపు మారతాయి. ఈ మార్పులు చాలావరకు వెనక్కి తిరిగేవి. అందువల్ల ఇప్పుడున్న స్థితిని చెబుతాయి, గడిచినదాన్ని చెప్పలేవు.

ఆకారం మారే పదార్థాలు రెండు విధాలు. అత్తిపత్తి, నిద్రగన్నేరు, చింత ఆకుల మొదట్లో పల్వైనస్ అనే ఉబ్బు ఉంటుంది. అక్కడి కణాల్లోకి, బయటికి పొటాషియం అయాన్లు, వాటి వెంట నీరు కదలడంతో ఆకు ముడుచుకోవడం, విచ్చుకోవడం జరుగుతాయి. కట్టె, ఎండిన గడ్డిగింజల మీసాలు, పైన్‌కాయల పొలుసులు ప్రాణం లేకుండానే తేమకు వంగుతాయి. వీటిలో రెండు పొరలు వేర్వేరుగా ఉబ్బడం వల్ల వంపు వస్తుంది. వెలిగే పదార్థాలు మూడో రకం. ఒక జాతి సముద్ర బాక్టీరియా సహజంగా వెలుగుతుంది. విషపదార్థం తగిలితే ఆ వెలుగు తగ్గుతుంది. నీటి నమూనాల విషత్వ పరీక్షల్లో ఈ గుణాన్ని వాడతారు. సముదాయం మొత్తం సూచికగా పనిచేయడం నాలుగో రకం. చేపల, రొయ్యల చెరువు నీటి రంగు అందులోని సూక్ష్మ నాచు స్థితిని తెలుపుతుంది. కాలువల్లో గుర్రపుడెక్క దట్టంగా అల్లుకోవడం నీటిలో పోషకాలు పేరుకున్నాయన్న సూచన (చూడు: జీవసూచికలు).

పనితీరు

స్పందించే పదార్థం నుంచి సమాచారం రావడంలో మూడు దశలు ఉంటాయి. మొదటిది ప్రేరణ పదార్థంలోకి చేరడం. రెండోది అణువుల్లోనో కణాల్లోనో జరిగిన మార్పు రంగుగా, వంపుగా, వెలుగుగా బయటికి కనబడడం. మూడోది ఆ కనబడినదాన్ని మనిషి అర్థం చేసుకోవడం. మొదటి రెండూ ప్రకృతి నియమాల ప్రకారం జరిగిపోతాయి, మూడోది వాటంతట అది జరగదు. మనిషి కన్ను రెండు రంగులను పక్కపక్కన పెట్టి తేడా చెప్పడంలో నేర్పరి. ఒక్క రంగునే చూసి నిన్నటితో, మొన్నటితో పోల్చుకోవడంలో బలహీనం. ఎండ తీవ్రత, చూసే కోణం, చుట్టూ ఉన్న రంగులు అంచనాను మార్చేస్తాయి. అందుకే మారే పదార్థం పక్కనే మారని కొలమానం ఉన్నప్పుడు ఎవరు చూసినా చదివింది దాదాపు ఒకటే అవుతుంది.

కాలంతో ఉన్న సంబంధం రెండో ముఖ్యాంశం. థర్మామీటరు ఈ క్షణపు వేడిని చూపుతుంది. ఆకు రంగు కొన్ని రోజులుగా మొక్కకు అందిన నత్రజనిని, డైఎసిటిలీన్ పూత తయారైన రోజు నుంచి తగిలిన వేడినంతా కలిపి చూపుతాయి. ఇలా పోగుచేసి చూపే గుణాన్ని నెమ్మదితనమని తీసిపారేయలేం. పోగుపడిన స్థితిని బట్టే నిర్ణయం తీసుకోవలసిన చోట క్షణపు కొలత కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది.

కృష్ణా డెల్టాలో వరి ఆకు

ఎన్టీఆర్ జిల్లా ఇబ్రహీంపట్నం దాటి కృష్ణ ప్రకాశం బ్యారేజీకి చేరుతుంది. 1855లో పూర్తయిన ఆనకట్ట స్థానంలో 1957లో అందుబాటులోకి వచ్చిన ఈ బ్యారేజీ నుంచి బయలుదేరే కాలువల కింద డెల్టా వరి సాగు విస్తరించింది. ఇక్కడి రైతు మాటల్లోనే ఆకు రంగును చదివే భాష ఉంది. నత్రజని చాలని చేను పసుపుపచ్చగా తిరిగిందంటారు. మోతాదు మించి ముదురు ఆకుపచ్చకు వస్తే చేను నల్లగా ఉందంటారు. ఇక్కడ నలుపు మెచ్చుకోలు మాత్రమే కాదు, హెచ్చరిక కూడా. నత్రజని ఎక్కువైన చేనులో దోమపోటు, ఆకుముడత పురుగు, అగ్గితెగులు, బాక్టీరియా ఎండాకు తెగులు ఉధృతమవుతాయి. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబమసూరికి ఎండాకు తెగులు పెద్ద బలహీనత. ఆ తెగులును తట్టుకునే మెరుగైన సాంబమసూరి 2008లో వచ్చింది.

ఈ చదువును అందరికీ ఒకేలా అందించడానికి ఆకు రంగుల పట్టిక ఉపయోగపడుతుంది. దీని తొలి రూపం జపాన్‌లో పుట్టింది. 1990లలో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ అక్కడి జాతీయ వరి సంస్థతో కలిసి ఆసియా రైతులకు అనువుగా తీర్చిదిద్దింది. ఇది లేత పసుపుపచ్చ నుంచి ముదురు ఆకుపచ్చ వరకు వరుసగా గళ్ళున్న ప్లాస్టిక్ పట్టీ. నాలుగు గళ్ళది, ఆరు గళ్ళది రెండూ వాడుకలో ఉన్నాయి. గళ్ళ మీద వరి ఆకు ఈనెల్లాంటి గీతలు కూడా ఉంటాయి. నునుపైన ప్లాస్టిక్ మీద మెరుపు కంటిని మోసగించకుండా ఉండడానికి ఆ ఏర్పాటు.

చదివే పద్ధతికి కట్టుదిట్టమైన నియమాలున్నాయి. నాటిన రెండు వారాల నుంచి పూత దశ వరకు, వారం పది రోజులకోసారి, ఉదయం 8 నుంచి 10 గంటల మధ్య చూడాలి. తెగులు లేని పది దుబ్బులు ఎంచుకోవాలి. ప్రతి దుబ్బులో పైనున్న, పూర్తిగా విచ్చుకున్న ఆకు నడిమి భాగాన్ని తెంపకుండా పట్టిక మీద ఆనించాలి. సూర్యుడికి వీపు పెట్టి తన నీడ ఆకు మీద పడేలా నిలబడాలి. ఎర్రటి ఎండ నేరుగా పడితే అదే ఆకు లేతగా కనిపిస్తుంది. చూసేది మొదటినుంచి చివరిదాకా ఒక్కరే అయితే మేలు. పది ఆకుల్లో ఆరు లేక అంతకన్నా ఎక్కువ నిర్ణీత అంకె కంటే లేతగా ఉంటే పైపాటుగా యూరియా వేయాలి. నాటే పొట్టి రకాల్లో చాలావాటికి ఆ అంకె 4, ఆకు సహజంగానే లేతగా ఉండే రకాలకు 3. కొద్దిరోజుల తర్వాత అదే ఆకు వేసిన ఎరువు పనిచేసిందో లేదో చూపుతుంది. సూచిక నుంచి నిర్ణయం, నిర్ణయం నుంచి మళ్ళీ సూచిక అనే చుట్టు ఇలా పూర్తవుతుంది.

ఆకు చూపేది రంగొక్కటే కాదు, రంగు మారిన చోటు కూడా. నత్రజని మొక్కలో కదిలే పోషకం. కొరత వస్తే మొక్క పాత ఆకుల నుంచి దాన్ని లాగి కొత్త ఆకులకు పంపుతుంది, కనుక కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి. ఇనుము, గంధకం అలా తేలిగ్గా కదలవు, కనుక వాటి కొరత కొత్త ఆకుల్లో ముందు తెలుస్తుంది. పొటాష్ కొరత పాత ఆకుల కొసల నుంచి, అంచుల వెంట ఎండుగా కనిపిస్తుంది. జింకు లోపం నాటిన రెండు మూడు వారాలకు తుప్పు రంగు మచ్చలుగా తేలుతుంది. నీటి ఎద్దడిలో ఆకు పైపొరలోని పెద్ద కణాలు నీరు కోల్పోయి ఆకు గొట్టంలా చుట్టుకుంటుంది. వరి పరిశోధకులు ఈ చుట్టుకోవడానికి 0 నుంచి 9 వరకు అంకెలు వేస్తారు (చూడు: వరి పోషక లోపాలు).

టీకా సీసా మీద రంగు గుర్తు

ప్రాణం లేని సేంద్రియ సూచికల్లో ఎక్కువమంది ప్రాణాలతో ముడిపడింది టీకా సీసా గుర్తు. 1996లో నోటి చుక్కల పోలియో టీకా సీసాల మీద ఇది మొదలైంది. లేబుల్ మీద వంగపండు రంగు వలయం, దాని లోపల లేత రంగు చతురస్రం ఉంటాయి. వలయం మారదు. చతురస్రం డైఎసిటిలీన్ రకపు పదార్థం. వేడి తగిలినకొద్దీ దాని అణువులు గొలుసుగా కలిసి రంగు ముదురుతుంది, తిరిగి లేతబడదు. చతురస్రం వలయం కంటే లేతగా ఉంటే టీకా వేయవచ్చు. వలయంతో సమానమైనా, అంతకంటే ముదిరినా ఆ సీసా పారేయాలి. తలుపు తలుపుకూ తిరిగి చుక్కలు వేసే ఆరోగ్య కార్యకర్తకు చేతిలో ఐసుపెట్టె తప్ప మరో పరికరం ఉండదు. సీసా ఎన్ని గంటలు ఎంత వేడిలో ఉందో ఆమె లెక్క వేయనక్కర్లేదు, సీసాయే ఆ లెక్క కట్టి ఉంటుంది.

ఈ గుర్తు వాడకంలోకి రాకముందు కరెంటు పోయిన చోటల్లా అనుమానంతోనే సీసాలు పారేయవలసి వచ్చేది, లేదా అనుమానంతోనే వాడవలసి వచ్చేది. టీకా వేడిని ఎంత తట్టుకోగలదో దాన్ని బట్టి ఈ గుర్తుల్లో 2, 7, 14, 30 వంటి రకాలున్నాయి. 37 డిగ్రీల సెల్సియస్ వద్ద పారేయవలసిన దశకు చేరే రోజుల సంఖ్య అది. పోలియో చుక్కలు అత్యంత సున్నితమైనవి కనుక వాటికి 2. దీనికి పరిమితులూ ఉన్నాయి. గడ్డకట్టి చెడిపోయిన టీకాను ఈ గుర్తు పట్టుకోదు, గడువు తేదీకి ప్రత్యామ్నాయమూ కాదు. అది ఒక్క ప్రశ్నకే, వేడి హద్దు దాటిందా లేదా అన్నదానికే జవాబిస్తుంది. ఒకే ప్రశ్నకు కట్టుబడడం వల్లనే జవాబులో సందిగ్ధం తక్కువ. భారతదేశం ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియో రహితమన్న ధ్రువీకరణ 2014 మార్చి 27న లభించింది. ఆ విజయానికి కారణాలు అనేకం. టీకాను చివరి ఇంటి దాకా చెడకుండా చేర్చిన ఏర్పాట్లలో ఈ చిన్న గుర్తుకూ చోటుంది.

కొండపల్లి కట్టె: స్పందనను అణచే పనితనం

ఇబ్రహీంపట్నం మండలంలోని కొండపల్లిలో బొమ్మలు చేసే తెల్లపొణికి తేలికైన, మెత్తని కట్టె. ఏ కట్టెకైనా ఉన్నట్టే దీనికీ తేమకు స్పందించే గుణముంది. కట్టె నార వెంట దాదాపు మారదు, నారకు అడ్డంగా ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. బొమ్మల కళాకారులు ఈ స్పందనను దోషంగా చూస్తారు. కట్టెను సన్నని సెగ మీద ఆరబెట్టి తేమ పోగొడతారు. విడివిడిగా చెక్కిన చేతులను, తలలను మొండేనికి అతికించి, సందుల్లో చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన మక్కు పూస్తారు. దాని మీద పూతలు, రంగులు వస్తాయి. ఇదంతా వానాకాలంలోనూ బొమ్మ అతుకు విడకుండా ఉండడానికే.

దీనికి సరిగ్గా ఎదురు దారిలో జర్మన్ వాస్తుశిల్పి అఖిమ్ మెంగెస్ బృందం నడిచింది. 2012లో పారిస్‌లోని పాంపిడూ కేంద్రంలో వారు ప్రదర్శించిన హైగ్రోస్కోప్‌లో పలుచని చెక్కరేకులు గాజుపెట్టెలోని గాలి తేమను బట్టి, మోటారు గానీ కరెంటు గానీ లేకుండా వంగి కదిలాయి. రెండు పనులకూ ఆధారం ఒకే జ్ఞానం: నార ఎటుంది, తేమ ఎటు లాగుతుంది అన్నది. కట్టెను కదలకుండా ఆపడం తెలిసినవారే దాన్ని కోరినట్టు కదిలించగలరు. అయితే హైగ్రోస్కోప్ తేమ పెరిగిందని చూపుతుంది, ఎంత పెరిగిందో చెప్పదు. పక్కన కొలమానం లేదు కనుక అది కళాఖండంగా నిలిచింది. సొస్యూర్ వెంట్రుకకు ముల్లు, అంకెల పలక తోడైనందున అది పరికరమైంది.

ప్రయోగశాలల్లో సజీవ సూచికలు

2004లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇన్ఫోట్రోపిజం అనే ప్రయోగంలో చెత్తబుట్టకు, పునర్వినియోగ బుట్టకు మధ్య మొక్క ఉంచారు. ఏ బుట్టలో ఎక్కువ వేస్తే ఆ వైపు దీపం వెలిగేది, మొక్క వెలుగు వైపు వంగుతూ పెరిగేది. జనం అలవాటు మొక్క వంపులో కనిపించేది. 2012లో డిస్నీ పరిశోధన విభాగం మొక్క కుండీ మట్టిలో ఒక తీగ పెట్టి, ఆకును ఎక్కడ, ఎలా తాకారో గుర్తించే పద్ధతి చూపింది. 2015లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన బృందం నాట్టో బాక్టీరియా కణాలను వస్త్రం మీద పూసి, చెమట తేమకు రెక్కలు తెరుచుకునే దుస్తులు చేసింది. 2022లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు చేతిగడియారంలో జిగురుబూజు పెంచారు. తొడిగినవారు దానికి ఓట్స్, నీరు పెడితే అది ఎదిగి విద్యుత్ మార్గాన్ని కలుపుతుంది, అప్పుడే గడియారం గుండె వేగాన్ని చూపుతుంది.

వీటన్నిటినీ ఒకే గాటన కట్టలేం. 2016లో మైకేల్ స్ట్రానో బృందం పాలకూర ఆకుల్లోకి కార్బన్ నానోగొట్టాలు ఎక్కించి, వేళ్ళ ద్వారా వచ్చిన నైట్రో సమ్మేళనాలను గుర్తించేలా చేసింది. ఆ మొక్క ఇచ్చే సంకేతం పరారుణ కాంతిలో ఉంటుంది, కెమెరా లేకుండా కనిపించదు. పైన చెప్పిన తేడా ప్రకారం అది మంచి సంవేదిక, సూచిక మాత్రం కాదు. ఇన్ఫోట్రోపిజం మొక్క కంటికి కనిపించే సూచికే, కాని అది స్పందించేది దీపానికి, చెత్తకు కాదు. జనం చేసినదాన్ని లెక్కించి దీపం వెలిగించేది యంత్రమే. ఆ రెంటితో పోలిస్తే వరి ఆకు, టీకా గుర్తు సాదాసీదాగా కనిపిస్తాయి. అయినా తెలుసుకోవలసినదానికీ కనిపించేదానికీ మధ్య మరే యంత్రమూ లేనిది వాటిలోనే.

ఆక్షేపణలు, పరిమితులు

సేంద్రియ సూచిక ఖచ్చితత్వంలో ఎలక్ట్రానిక్ పరికరానికి సాటిరాదన్నది మొదటి ఆక్షేపణ. ఇది నిజమే. ఆకును బిగించి, దాని గుండా ఎర్ర, పరారుణ కాంతులు పంపి పచ్చదనాన్ని అంకెల్లో చూపే మీటరు, రంగుల పట్టిక కంటే సున్నితమైనది. కాని రైతు తీసుకోవలసిన నిర్ణయం యూరియా వేయడమా, ఆగడమా అన్నదే. పట్టికలో ఒక గడి తేడా ఆ నిర్ణయానికి సరిపోతుంది. పరికరం ధర, బ్యాటరీ, మరమ్మతు కూడా లెక్కలోకి వస్తాయి. పరిశోధన క్షేత్రంలో మీటరు, కమతంలో పట్టిక అన్న పంపకం సహేతుకం.

ఒకే రంగుకు పలు కారణాలుంటాయన్నది రెండో ఆక్షేపణ, ఇది మరింత బరువైనది. పసుపెక్కిన వరి నత్రజని కోరుతూ ఉండవచ్చు, నీరు నిలిచి వేళ్ళు ఊపిరాడక ఉండవచ్చు, పచ్చదోమ వ్యాపింపజేసే టుంగ్రో వైరస్ సోకి ఉండవచ్చు. టుంగ్రో సోకిన చేనుకు యూరియా వేస్తే డబ్బు దండగ. ఏ ఆకు, ఆకులో ఏ భాగం, మొక్క గిడసబారిందా, చేనంతా ఒకేలా ఉందా, చాళ్ళుగానో మచ్చలుగానో ఉందా అన్నవి కలిపి చదివితే ఈ సందిగ్ధం చాలావరకు తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకే రంగుల పట్టిక నియమాల్లో తెగులు లేని మొక్కల్నే ఎంచుకోవాలన్న షరతు ఉంది. పట్టిక ఒక ప్రశ్నకే జవాబివ్వగలదు. ఆ ప్రశ్న సరైనదో కాదో తేల్చే పని చూసేవారిది.

పదార్థం వయసు, రకం, వాతావరణాన్ని బట్టి స్పందన మారుతుందన్నది మూడోది. రకానికో అంకె పెట్టడం, చూసే వేళ నిర్ణయించడం ఆ మార్పును అదుపులో ఉంచే ప్రయత్నాలు. ప్రాణమున్న సూచిక అలవాటు పడుతుందన్న ప్రమాదమూ ఉంది. హాని లేని తాకిడి పదే పదే తగిలితే అత్తిపత్తి ముడుచుకోవడం తగ్గిస్తుంది. ముడిచిన ఆకు మళ్ళీ విచ్చడానికి నిమిషాలు పడుతుంది, ఈలోగా దాని నుంచి కొత్త కబురు రాదు. క్షణాల్లో హెచ్చరించవలసిన గ్యాసు లీకు, అగ్నిప్రమాదం లాంటివాటికి సేంద్రియ సూచికలు తగవన్నది ఇందులో తేలే విషయం. ఇబ్రహీంపట్నం, కొండపల్లి మధ్యనున్న నార్ల తాతారావు తాప విద్యుత్ కేంద్రం వంటి పరిశ్రమ పరిసరాల్లో గంట గంటకూ గాలి నాణ్యత చెప్పవలసింది యంత్రాలే. ఓజోనుకు ఆకుల మీద మచ్చలు తేలే బెల్ డబ్ల్యు3 పొగాకు రకం, లైకెన్లు రోజుల, సంవత్సరాల ప్రభావాన్ని చూపి ఆ యంత్రాలకు తోడు కాగలవు, వాటి స్థానంలోకి రాలేవు.

ప్రాణమున్నదాన్ని తెరగా వాడడం తగునా అన్నది నాలుగో ప్రశ్న. జిగురుబూజు గడియారం వంటి ప్రయోగాలు దీన్ని కావాలనే ముందుకు తెచ్చాయి. సూచికకు తిండి పెట్టవలసి వస్తే వాడేవారికి దానిమీద బాధ్యత పెరుగుతుందని కొందరి వాదం. సమాచారం కోసం ప్రాణిని ఎండబెట్టే పరిస్థితి రాకూడదన్నది మరికొందరి వాదం. వరి విషయంలో ఈ చిక్కు రాదు. మొక్కకు మేలు చేయడానికే దాన్ని చదవడం, ఆకు తెంపకుండానే చదవడం అక్కడి పద్ధతి.

ప్రాధాన్యం

ఈ ఉదాహరణలను పక్కపక్కన పెడితే ఒక క్రమం కనిపిస్తుంది. పసుపు స్పందన వేగమైనది, స్పష్టమైనది. కాని ఎర్రనీళ్ళ గిన్నె పక్కన కొలమానం లేదు కనుక అది సూచిక కాలేదు. అదే పసుపును కాగితం మీద పూసి, క్షారాన్నీ బోరిక్ ఆమ్లాన్నీ గుర్తించే నియమాలు చేర్చాక ప్రయోగశాలలో పరీక్ష కాగితమైంది. వరి ఆకు రంగును రైతు తరతరాలుగా చూస్తూనే ఉన్నా, ఒకరి చూపును ఇంకొకరికి అందించగలిగింది ప్లాస్టిక్ పట్టీ మీది గళ్ళే. టీకా సీసాలో కొలమానాన్ని పదార్థం చుట్టూనే ముద్రించారు. అందుకే అది అతి తక్కువ శిక్షణతో అతి ఎక్కువ చేతుల్లోకి వెళ్ళింది. సూచిక విలువను తేల్చింది పదార్థం ఎంత అరుదైనది అన్నది కాదు, దాన్ని దేనితో పోల్చమన్నారు అన్నది.

కొత్త సేంద్రియ సూచికలను అంచనా వేయడానికీ ఇదే గీటురాయి పనికొస్తుంది. చేప తాజాదనాన్ని తెలపడానికి పూల రంగులతో చేస్తున్న లేబుళ్ళ ప్రయోగాలను తీసుకుంటే, కుళ్ళేటప్పుడు వెలువడే క్షార వాయువులకు ఆంథోసయనిన్ రంగు మారడం తెలిసిన సంగతే. మారే రంగు పక్కన మారని రంగు ఎక్కడ ముద్రించాలి, ఏ దశలో చేపను పక్కన పెట్టాలి, మార్కెట్ దీపాల పసుపు వెలుతురులో కొనేవారు దాన్ని ఎలా చదవాలి అన్నవి తేల్చాల్సినవి. రంగుల పట్టిక నియమాల్లో ఉదయం వేళ, సూర్యుడికి వీపు, ఆకు మీద నీడ అని రాసిపెట్టినంత వివరంగా ఇక్కడా రాయగలిగిన రోజున ఆ లేబుల్ చేపల దుకాణంలో పనికొస్తుంది.